మూతపడ్డ మిల్లు స్థలానికి మాస్టర్‌ప్లాన్ ఎలా వేయాలి: పాత కాగితాల నుంచి మొదటి వేలం దాకా

నగరం నడిమధ్యన ఉన్న ఒక పాత కర్మాగారం మూతపడితే, కార్మికుల బకాయిలు ఎంతో తేలకముందే ఆ స్థలం ఎకరం ఎంత పలుకుతుందన్న లెక్క మొదలవుతుంది. ఆ ధర లెక్క కంటే ముందు జరగవలసిన పనులు చాలా ఉన్నాయి, వాటికి ఒక వరుస ఉంది. పురపాలక ప్రణాళికా విభాగాల వారికి, ఆర్కిటెక్టులకు, చుట్టుపక్కల కాలనీ సంఘాల వారికి ఆ వరుసను వివరంగా చెప్పడమే ఈ మార్గదర్శి ఉద్దేశం.

ఉదాహరణలకు ప్రధానంగా రెండు చోట్లను తీసుకుంటున్నాను. మొదటిది ముంబయిలోని గిరణ్‌గావ్, అంటే మిల్లుల వాడ. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు తరాల తరబడి పనిచేసిన ఆ మిల్లులు 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత ఒక్కొక్కటిగా మూతపడగా, సుమారు 600 ఎకరాల భూమి భవిష్యత్తు ప్రశ్నగా మిగిలింది. రెండోది లండన్‌లోని కింగ్స్ క్రాస్. రైల్వే సరుకు గోదాములు, బొగ్గు యార్డులు, గ్యాస్ ట్యాంకులతో నిండిన 67 ఎకరాల స్థలం. ఒకచోట నియమం బాగానే రాసుకొని భూమిని పోగొట్టుకున్నారు. మరోచోట భవనాల బొమ్మలు గీయకముందే వీధులను ఖాయం చేసుకున్నారు. ఆ తేడా ఈ వ్యాసమంతటా పనికొస్తుంది.

1. భూమి ఎవరిది, ఏ షరతు మీద ఉంది

పాత పారిశ్రామిక భూముల్లో చాలావాటి మీద కంపెనీకి సంపూర్ణమైన హక్కు ఉండదు. పరిశ్రమ పెట్టడానికని ప్రభుత్వం నామమాత్రపు ధరకు కేటాయించినదో, లీజుకు ఇచ్చినదో, రైతుల దగ్గర సేకరించి అప్పగించినదో అయి ఉంటుంది. హైదరాబాద్‌లోని ఆజామాబాద్ పారిశ్రామికవాడ లీజుల వ్యవహారాన్ని తేల్చడానికి 1992లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. కాబట్టి మొదట కేటాయింపు ఉత్తర్వును, లీజు పత్రాన్ని సంపాదించి, వాడుక మారితే భూమి తిరిగి ప్రభుత్వానికి చెందుతుందన్న షరతు ఉందో లేదో చూడాలి. ఆ షరతే ఉంటే, తర్వాత యజమానితో జరిగే బేరంలో ప్రజల తరఫున ఉన్న అతి పెద్ద బలం అదే.

తర్వాత రెవెన్యూ రికార్డులు: తెలంగాణలో అయితే సేత్వార్ (సర్వే నంబర్ల మూల రిజిస్టరు), పహాణీ, టిప్పన్ (కొలతల పటం). ఆంధ్రలో అయితే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (కొలతల పుస్తకం). రెండుచోట్లా ఈసీ (ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం), బ్యాంకు తాకట్టు వివరాలు, కోర్టు కేసుల జాబితా సేకరించాలి. కంపెనీ దివాలా ప్రక్రియలో ఉంటే ఆ ట్రిబ్యునల్ ఉత్తర్వులు కూడా కావాలి. కార్మికుల జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ బకాయిలను ఈ దశలోనే ఒక పట్టికగా వేసి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఆ బాకీ తీరని స్థలంలో ఏ పని మొదలుపెట్టినా అది కోర్టు మెట్ల దగ్గర ఆగుతుంది. ఇవన్నీ అయ్యాక నేల మీద కొత్తగా సర్వే చేయించాలి. కాగితం మీది విస్తీర్ణానికీ ప్రహరీ లోపలి విస్తీర్ణానికీ పొంతన కుదరకపోవడం వింతేమీ కాదు; తేడా ఎటు ఉందో, ఆ ముక్క ఎవరి వాడుకలో ఉందో రాసిపెట్టుకోవాలి.

2. ప్రహరీ గోడ దగ్గర ఆగకుండా అధ్యయన పరిధి గీయడం

గోడ లోపలి స్థలానికే ప్లాన్ గీయడం ఈ పనిలో అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు. వందేళ్లపాటు ఆ గోడ చుట్టూ తిరిగి వెళ్లడానికి అలవాటుపడిన పేటలు ఉంటాయి. బడికి, బస్సుకు, ఆస్పత్రికి వాళ్లు నడిచే దారులన్నీ ఆ చుట్టు తిప్పుడుతోనే ఏర్పడి ఉంటాయి. అందువల్ల స్థలం అంచు నుంచి కనీసం ఒక కిలోమీటరు దాకా రోడ్లు, రైల్వే స్టేషన్లు, బస్టాపులు, నాలాలు, తాగునీటి లైన్లు, మురుగు లైన్లు, బడులు, మార్కెట్లు అన్నీ ఒకే పటం మీదికి ఎక్కించాలి.

2017 సెప్టెంబరు 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్, పరేల్ స్టేషన్లను కలిపే ఇరుకు పాదచారుల వంతెన మీద తొక్కిసలాట జరిగి 23 మంది చనిపోయారు. చుట్టుపక్కల మిల్లు భూముల్లో ఎత్తైన ఆఫీసు భవనాలు లేచి వేలాది మంది ఉద్యోగులు రోజూ అక్కడ దిగడం మొదలై ఏళ్లు గడిచినా, వాళ్లు దిగే వంతెన వెడల్పు మాత్రం ఆ మార్పుకు తగ్గట్టు పెరగలేదు. 1996లో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా సారథ్యంలోని అధ్యయన బృందం పక్కపక్క మిల్లుల భూములను కలిపి ఒకే ప్రణాళిక కింద చూడాలని సూచించింది. ఆ సూచన అమలు కాలేదు, ఒక్కో మిల్లు ఒక్కో ద్వీపంగా లేచింది.

కింగ్స్ క్రాస్‌లో రెండు పెద్ద రైల్వే స్టేషన్లు స్థలం అంచునే ఉండడం ఆ ప్రణాళికకు ఉన్న అసలు పెట్టుబడి. సెయింట్ పాంక్రస్‌లో 2007లో అంతర్జాతీయ రైళ్లు మొదలయ్యాయి, కింగ్స్ క్రాస్ స్టేషన్ కొత్త హాలు 2012లో తెరుచుకుంది. ఆఫీసు భవనాల్లో చాలా భాగం ఆ తర్వాతే నిండాయి. మన దగ్గర కూడా మెట్రో స్టేషన్ ఎంత దూరం అన్న ప్రశ్నకు గాలి గీతతో జవాబు చెప్పకుండా, నీడ, ఫుట్‌పాత్, రోడ్డు దాటే చోటు ఉన్న దారిలో ఎన్ని నిమిషాలు పడుతుందో నడిచి చూసి రాయాలి.

3. మట్టి, నీరు: ఖర్చును శాసించే పరీక్ష

ఈ దశకు కేటాయించే సమయం ఎప్పుడూ తక్కువే అవుతుంది, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువగా ఆగుతాను. భోపాల్ యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో 1984 డిసెంబరులో ప్రమాదం జరిగితే, అక్కడ నిల్వ ఉన్న 337 టన్నుల విషవ్యర్థాలను పీథంపూర్‌కు తరలించింది 2025 జనవరిలో. నాలుగు దశాబ్దాలు గడిచాయి. ఆ ప్రాంగణపు మట్టి, చుట్టుపక్కల భూగర్భ జలాల సమస్య ఇంకా అక్కడే ఉంది. అంత ఘోరం అన్నిచోట్లా ఉండదు గాని, రసాయనాలు వాడిన ఏ కర్మాగారం కిందా శుభ్రమైన నేల ఉంటుందని ముందే అనుకోకూడదు.

పరీక్షకు ముందు పాత లేఅవుట్ సంపాదించి బాయిలర్, రంగుల విభాగం, ఆయిల్ ట్యాంకులు, ట్రాన్స్‌ఫార్మర్ల గది, బూడిద పారబోసిన చోటు ఎక్కడెక్కడో గుర్తించాలి. లేఅవుట్‌లో లేనివి చెప్పగలిగేది పాత కార్మికులే. బాయిలర్ దగ్గర పనిచేసినాయన, రంగుల విభాగంలో పనిచేసినాయన ఇద్దరినీ వెంటబెట్టుకొని ఒక పూట స్థలమంతా నడిస్తే, ఏ గుంట పూడ్చి షెడ్డు కట్టారో, రాత్రిపూట నీళ్లు ఏ తూము గుండా వదిలేవారో తెలుస్తుంది. బట్టల మిల్లులో రంగునీళ్ల కాలువ సాధారణంగా ఇటుకలతో కట్టినది. చూడ్డానికి గట్టిగానే ఉన్నా, ఇటుకల మధ్య సున్నాన్ని ఆ నీళ్లు ఏళ్ల తరబడి తినేసి ఉంటాయి. అందుకే కాలువ లోపలి బురద ఒక్కదాన్నే పరీక్షకు పంపితే చాలదు, అతుకుల కింద అరమీటరు లోతు మట్టి కూడా తీయాలి.

మిగతా స్థలాన్ని 25 లేదా 30 మీటర్ల గళ్లుగా విడదీసి, అనుమానం ఉన్నచోట గళ్లు ఇంకా దగ్గర చేసి, ప్రతి బిందువు దగ్గర పైమట్టి, ఒక మీటరు లోతు, సహజమైన నేల తగిలేచోటు అని కనీసం మూడు నమూనాలు తీయాలి. భారలోహాలు, నూనె అవశేషాలు, ద్రావకాలు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెలోని క్లోరిన్ సమ్మేళనాల కోసం పరీక్ష చేయించాలి. హైదరాబాద్ వంటి చోట పలచటి మట్టి కింద పగుళ్లున్న గ్రానైట్ రాయి ఉంటుంది కాబట్టి, కాలుష్యం మట్టిలో నిలవక పగుళ్ల వెంట బోర్లలోకి దిగే అవకాశం ఎక్కువ. లోపలి బోర్లతో పాటు దిగువన ఉన్న బస్తీల బోర్ల నీటిని కూడా వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి పరీక్షించాలి. షెడ్ల కప్పు ఆస్బెస్టాస్ రేకులదైతే వాటిని తడిపి, విరగ్గొట్టకుండా దించే పనిని వేరే కాంట్రాక్టుగా ఇవ్వాలి.

కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జూలైలో ప్రత్యేక నియమావళి తెచ్చింది. కాలుష్యానికి కారణమైనవారే శుద్ధి ఖర్చు భరించాలన్నది దాని మూలసూత్రం. భూమి చేతులు మారకముందే ఈ బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయించాలి.

వచ్చిన ఫలితాలతో స్థలాన్ని శుభ్రమైనది, శుద్ధి చేస్తే పనికొచ్చేది, కప్పి వదిలేయవలసినది అని మూడు తరగతులుగా విడదీయండి. ఇక్కడ ఒక దురలవాటు గురించి హెచ్చరించాలి. చెడ్డ మట్టి ఉన్న మూల ఎవరూ కొనరు కాబట్టి దాన్ని పిల్లల పార్కుగా చూపించడం చాలా లేఅవుట్లలో కనిపిస్తుంది. మట్టిని చేత్తో తాకేది, నోట పెట్టుకునేది పిల్లలే. ఆ మూలకు తగినది పైన గట్టి పొర వేసిన వాహనాల నిలుపుదల స్థలం, సబ్‌స్టేషన్ వంటివి. మట్టినంతా తవ్వి ఊరవతల పోయడం కూడా ఒక్కటే మార్గం కాదు. జర్మనీలో డూయిస్‌బర్గ్‌లో 1985లో మూతపడిన ఉక్కు కర్మాగారాన్ని పార్కుగా మార్చినప్పుడు కలుషిత మట్టిలో కొంత భాగాన్ని అక్కడి పాత కాంక్రీటు బంకర్లలోనే మూసి ఉంచారు, తక్కువ కలుషితమైన భాగాల్లో చెట్లను పెరగనిచ్చారు.

4. నిలిచి ఉన్నవాటి జాబితా

ప్రణాళికా బృందం కంటే ముందు తుక్కు కాంట్రాక్టరు లోపలికి వెళితే జాబితాకు ఏమీ మిగలదు. కూల్చివేత అనుమతులన్నీ ఆపి, ప్రతి షెడ్డు, చిమ్నీ, బావి, పెద్ద చెట్టు కొలతలతో సహా పటం మీదికి ఎక్కాలి. వరంగల్‌లో 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడ్డాక ఆ భూమి ఇళ్ల ప్లాట్లయింది. అంత పెద్ద మిల్లుకు గుర్తుగా మిగిలింది చాలా తక్కువ.

ఏది ఉంచాలన్న ప్రశ్నకు పాతదనం ఒక్కటే కొలత కాకూడదు. ఉత్తరపు వెలుగు మాత్రమే లోపలికి వచ్చేలా రంపపు పళ్ల ఆకారంలో కట్టిన నేత షెడ్డును పగటి దీపాలు అక్కర్లేని గ్రంథాలయంగానో, శిక్షణ కేంద్రంగానో వాడుకోవచ్చు; అదే షెడ్డును సినిమా హాలు చేయబోతే దాని గుణమే అడ్డవుతుంది. కింగ్స్ క్రాస్‌లో 1852 నాటి ధాన్యపు గోదాము 2011లో కళాశాల అయింది. విప్పి దాచిన ఇనుప గ్యాస్ ట్యాంకు చట్రాలను తిరిగి తెచ్చి, ఒకదాని లోపల పచ్చిక పార్కు, మూడింటి లోపల ఇళ్లు కట్టారు.

5. ఎవరిని అడగాలి, ఏమడగాలి

సమావేశం పెట్టి రంగుల బొమ్మలు చూపించి అభిప్రాయం చెప్పమంటే, వచ్చేది చప్పట్లో నినాదాలో తప్ప సమాచారం కాదు. పాత కార్మికుల కుటుంబాలను, గేటు ముందు టీ బండి, టిఫిన్ బండి పెట్టుకున్నవారిని, మిల్లు క్వార్టర్లలో ఉంటున్నవారిని, పక్క బస్తీ మహిళలను విడివిడిగా కలవాలి. మీ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, వానొస్తే ఏ వీధి మునుగుతుంది, పిల్లలు బడికి ఎటు వెళతారు, అద్దె ఎంత కడుతున్నారు వంటి ప్రశ్నలకు వచ్చే జవాబులే ప్లాన్‌లో గీతలుగా మారతాయి. అద్దె వివరం ముఖ్యం, ఎందుకంటే స్థలం బాగుపడితే మొదట పెరిగేది పక్క బస్తీ అద్దెలే.

6. మొదట నీటి దారి, తర్వాత మనుషుల దారి

అర మీటరు తేడాతో ఎత్తుపల్లాల సర్వే చేయించి, వాననీరు సహజంగా పారే దారిని పటం మీద మొదటి గీతగా గీయాలి. పరిశ్రమలు తరచుగా నాలాను పెట్టె కాలువలో బిగించి పైన షెడ్డు కట్టేస్తాయి. దాన్ని తిరిగి తెరిచి ఇరువైపులా పచ్చటి పట్టీ వదిలితే, వరద నీటికీ నడకదారికీ ఒకే స్థలం సరిపోతుంది. చెరువు దగ్గరలో ఉంటే పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడో అధికారికంగా తేల్చుకున్నాకే మిగతా గీతలు వేయాలి.

వీధులు పాత గోడ అవతల ఉన్న వీధులకు అతుక్కోవాలి. బయట ఎక్కడ సందు ఆగిపోయిందో అక్కడి నుంచే లోపలి వీధి మొదలవ్వాలి. ఒక వీధి నుంచి మరో వీధికి 80 నుంచి 120 మీటర్ల దూరం ఉంటే నడిచేవారికి దారులు దొరుకుతాయి, కట్టేవారికి సరిపడా ప్లాటూ దొరుకుతుంది. కింగ్స్ క్రాస్‌లో 20 కొత్త వీధులు వేసి, స్థలంలో సుమారు 40 శాతాన్ని బహిరంగ ప్రదేశంగా ఉంచారు.

7. ప్రజల వాటాను హద్దులతో గీయడం

నా దృష్టిలో మాస్టర్‌ప్లాన్ మొత్తానికి గుండెకాయ ఇదే. ముంబయిలో 1991 నియమావళి ప్రకారం మిల్లు భూమిని సుమారుగా మూడు వాటాలు చేసి, ఒకటి పార్కులు, మైదానాల కోసం నగరపాలక సంస్థకు, ఒకటి ప్రజల ఇళ్ల కోసం గృహనిర్మాణ సంస్థకు, ఒకటి యజమానికి వదలాలి. కాగితం మీద ఇంతకన్నా న్యాయమైన పంపకం ఉండదు. 2001లో సవరణ వచ్చి, ఈ పంపకం ఖాళీ భూమికే వర్తిస్తుందన్నారు. బట్టల మిల్లు అంటే ఒకే అంతస్తులో స్థలమంతా పరుచుకున్న షెడ్లు. వాటి మధ్య ఖాళీ ఎంత ఉంటుంది? షెడ్లు కూల్చేసిన తర్వాత కూడా వాటి కింది నేల ఖాళీ భూమి లెక్కలోకి రాలేదు. బొంబాయి హైకోర్టు 2005లో ప్రజల పక్షాన తీర్పు ఇచ్చినా, 2006 మార్చిలో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. నగరానికి రావలసిన భూమి చాలా చిన్న ముక్కకు కుంచించుకుపోయింది.

కాబట్టి వాటాను శాతంగా రాసి వదిలేయవద్దు. ఏ పార్కు, ఏ బడి, ఏ పేదల ఇళ్లు ఎక్కడ వస్తాయో సర్వే రాళ్ల మధ్య కొలతలతో పటంలో చూపించి, ఆ ముక్కలను మొదటి ప్లాటు అమ్మకముందే గిఫ్ట్ డీడ్‌తో (దానపత్రంతో) నగరపాలక సంస్థ పేర రిజిస్టరు చేయించాలి. శాతం గురించి వాదించవచ్చు. వేరే పేరున రిజిస్టరైన ముక్కను యజమాని అమ్మలేడు. కార్మికులకు ఇళ్లు ఇస్తామన్న హామీ ఉంటే ఆ ఇళ్లు కూడా ఈ స్థలంలోనే, పేర్ల జాబితా జతచేసి ఉండాలి. ఊరి చివర ఇస్తామంటే అది వేరే పథకం, దాన్ని ఈ ప్లాన్ ఖాతాలో వేయకూడదు.

హైదరాబాద్ విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. 2006 నుంచి ఇక్కడి భవన నియమాలు ఎఫ్‌ఎస్‌ఐ (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క) పరిమితి మీద గాక రోడ్డు వెడల్పు, ఎత్తు, సెట్‌బ్యాకుల (భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ) మీద నడిచాయి. ప్రజల వాటా పోగా మిగిలిన ప్లాట్లలో ఎంత ఎత్తైనా కట్టుకునే పరిస్థితి ఉంటే నీరు, మురుగు, ట్రాఫిక్ లెక్కలన్నీ తప్పుతాయి కాబట్టి, స్థలం మొత్తానికి గరిష్ఠ నిర్మాణ విస్తీర్ణాన్ని మాస్టర్‌ప్లాన్‌లోనే చదరపు అడుగుల్లో రాసుకోవాలి.

8. లెక్క, దానిలో సడలింపు

60 ఎకరాల స్థలాన్ని ఊహించుకుందాం. వీధులకు 22 శాతం, పార్కులు, నాలా పట్టీలకు 18, ప్రజల ఇళ్లు, బడి, ఆస్పత్రికి 15 పోతే అమ్మకానికి మిగిలేది 45 శాతం, అంటే 27 ఎకరాలు, గజాల్లో 1,30,680. మట్టి శుద్ధికి, రోడ్లకు, పైపులకు, పార్కులకు కలిపి 270 కోట్లు అవుతుందనుకుంటే, అమ్మే ప్రతి ఎకరం మీద మొదటే 10 కోట్ల భారం ఉన్నట్టు. ఈ ఒక్క భాగహారం చేసి చూపిస్తే, శుద్ధి ఖర్చు పెరిగినప్పుడు ఏం కోయాలన్న చర్చ నిజాయితీగా జరుగుతుంది. ముందుగా చేయకపోతే కోత ఎప్పుడూ పార్కు మీదే పడుతుంది.

ఇరవై ఏళ్లు సాగే పనిలో మార్కెట్ కనీసం రెండుసార్లు పడి లేస్తుంది. 1980ల చివర్లో కింగ్స్ క్రాస్‌కు వేసిన భారీ పథకం ఆ తర్వాతి మాంద్యంలో కూలిపోయింది. రెండో ప్రయత్నంలో 2001లో మొదట సూత్రాలను ప్రచురించి, 2004లో దరఖాస్తు పెట్టి, 2006లో అనుమతి పొందినప్పుడు ప్రతి భవనం రూపాన్ని ఖాయం చేయలేదు. వీధులు, చౌకులు, ఒక్కో మండలంలో గరిష్ఠ విస్తీర్ణం, ఎత్తు స్థిరంగా ఉంచి, ఆఫీసుకూ ఇంటికీ మధ్య కొంత అటూఇటూ మారే వీలు వదిలారు. అందుకే 2008 సంక్షోభం వచ్చినా పని ఆగిపోలేదు. అక్కడ కూడా తక్కువ ధర ఇళ్ల సంఖ్య మాత్రం తర్వాత కొంత తగ్గింది. ఏడో అడుగులో చెప్పిన జాగ్రత్త ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అనుమతుల సంగతి క్లుప్తంగా: 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. ఒక్కో ప్లాటుకు విడిగా గాక స్థలమంతటికీ కలిపి ఒకేసారి అడగడం పద్ధతి.

9. ఏ మూల నుంచి మొదలుపెట్టాలి

మొదటి దశ ఊరికి ఆనుకొని ఉన్న అంచున ఉండాలి, అందులో అమ్మకానికి లేనిది ఒకటైనా పూర్తి కావాలి. కింగ్స్ క్రాస్‌లో కళాశాల విద్యార్థులు 2011లోనే వచ్చారు, దాని ముందున్న నీటిధారల చౌకు మరుసటి ఏడాది తెరిచారు. చుట్టూ క్రేన్లు తిరుగుతుండగానే జనం అక్కడికి రావడం అలవాటు చేసుకున్నారు. మన దగ్గర మట్టి శుభ్రంగా తేలిన భాగంలో వారాంతపు రైతుబజారు, క్రికెట్ మైదానం, నర్సరీ వంటి తాత్కాలిక వాడుకలకు గడువు రాసి అనుమతివ్వవచ్చు. గడువు రాయకపోతే ఖాళీ చేయించడమే మరో వివాదమవుతుంది.

10. నిర్వహణ ఎవరి చేతిలో

వీధుల నిర్వహణను డెవలపరుకు అప్పగిస్తే శుభ్రంగా ఉంటాయన్నది నిజమే, కాని ఎవరు నడవాలో, ఎవరు కూర్చోవాలో చెప్పే అధికారం కూడా వాళ్లకే వెళుతుంది. కింగ్స్ క్రాస్‌లో నడిచేవారి ముఖాలను గుర్తించే కెమెరాలు వాడారని 2019లో బయటపడి పెద్ద వివాదమైంది. వీధి నగరపాలక సంస్థ పేర ఉండాలి. ఊడ్చడం, దీపాలు, మొక్కల పనిని మాత్రం ఒప్పందం మీద ఇవ్వవచ్చు.

మొదటి వేలం ప్రకటనకు ముందు ఫైలులో ఇవి ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి: కార్మికుల బకాయిల చెల్లింపు రసీదులు, మట్టి పరీక్షల నివేదిక, శుద్ధి బాధ్యత ఒప్పందం, పార్కులు, ప్రజల ఇళ్ల ముక్కల గిఫ్ట్ డీడ్ల నకళ్లు, వీధుల పటం. వీటిలో ఏది లేకపోయినా వేలం తేదీని వెనక్కి జరపండి. ఇవే పత్రాలను వేలం షరతులకు జతచేసి, తెలుగులో ముద్రించి, మిల్లు గేటు దగ్గర, వార్డు కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటించాలి.